ఫోర్ బై ఫోర్ బండికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్: బాగు చేయించాలా, సెకండ్ హ్యాండ్ కొనాలా, కొత్తది వేయాలా?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయిందని వర్క్‌షాపులో తేల్చిన సాయంత్రానికే ఫోన్‌లో ధరలు మొదలవుతాయి. పుత్లీబౌలి నుంచి ఒకటి, వనస్థలిపురం ఆటోనగర్ నుంచి ఒకటి, చెన్నై పుదుపేట నుంచి, ఢిల్లీ మాయాపురి నుంచి మరో రెండు. అందరూ చెప్పేది ఒకటే: "సేమ్ బాక్సే సార్, కూర్చుంటుంది." బోల్టులు కూర్చున్నా బండి నడవని సందర్భాలు చాలా ఉంటాయి. ఫోర్ బై ఫోర్ బండిలో అయితే ఇంకా ఎక్కువ, ఎందుకంటే గేర్‌బాక్స్ ముందువైపు ఇంజిన్‌తో, వెనకవైపు ట్రాన్స్‌ఫర్ కేసుతో (ముందు, వెనక చక్రాలకు బలాన్ని పంచే పెట్టె), పైన కంప్యూటర్‌తో, పక్కన కూలర్‌తో ఒకేసారి కుదరాలి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. కేసింగ్ పగలనంతవరకు మీ సొంత గేర్‌బాక్స్‌ను విప్పించి ఓవర్‌హాల్ చేయించడమే మొదటి ఎంపిక. అది ఆ బండికి కుదురుతుందా అన్న ప్రశ్నే రాదు. కేసింగ్ పగిలితేనో, లోపల గేర్ల సెట్టు, షాఫ్టులు నుజ్జయితేనో అదే మోడల్, అదే ఇంజిన్ బండి నుంచి తీసిన గేర్‌బాక్స్ కొనాలి. వేరే మోడల్‌ది తెచ్చి మార్పులు చేసి బిగించే ఆలోచన అన్నిటికన్నా చివర ఉండాలి.

నిజంగా గేర్‌బాక్సే పోయిందా?

బండి కదలడం లేదంటే మొదట చూడాల్సింది ట్రాన్స్‌ఫర్ కేసు. అది న్యూట్రల్‌లో ఆగిపోయినా డీలో వేస్తే ఇంజిన్ అరుస్తుంది తప్ప చక్రం తిరగదు. ఆ తర్వాత ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) లెవెల్, బ్యాటరీ వోల్టేజి, స్పీడ్ సెన్సర్, గేర్ లివర్ స్థానాన్ని చెప్పే స్విచ్. వీటిలో ఏది తప్పినా బండి లింప్ మోడ్‌లోకి (తనను తాను కాపాడుకునే స్థితి) వెళ్లి ఒకే గేర్‌లో ఉండిపోవచ్చు. స్కానర్ పెట్టి కోడ్లు రాసుకోకుండా గేర్‌బాక్స్ దించనివ్వకండి. దించేశాక ఆ కోడ్లకు అసలు కారణమేమిటో తెలుసుకోవడం కష్టం.

టయోటా వర్క్‌షాపు మాన్యువల్లో ఒక తేలికైన పరీక్ష ఉంది. ఇంజిన్ వేడెక్కాక, బ్రేక్ గట్టిగా తొక్కి న్యూట్రల్ నుంచి డీలోకి వేయాలి. 1.2 సెకన్లలోపు బండికి చిన్న కుదుపు తెలియాలి. రివర్స్‌కైతే 1.5 సెకన్లు. అంతకన్నా ఆలస్యమైతే ఆయిల్ ప్రెషర్ తక్కువనో, క్లచ్ ప్లేట్లు అరిగాయనో అర్థం. ఈ అంకెలు టయోటావే అయినా మిగతా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) బండ్లలోనూ ఇంతకు మించి ఆలస్యమైతే అనుమానించాల్సిందే.

తర్వాత ఆయిల్ పాన్ విప్పించండి. అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు మామూలే. ముళ్లలాంటి ఉక్కు ముక్కలుంటే గేర్లో బేరింగులో పోయినట్టు. నల్లటి పొడి, మాడు వాసన ఉంటే క్లచ్ ప్లేట్లు కాలినట్టు. ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే బుష్‌లు అరిగినట్టు. ఆయిల్ గులాబీరంగు మజ్జిగలా ఉంటే మాత్రం గేర్‌బాక్స్‌కన్నా ముందు రేడియేటర్‌ను అనుమానించాలి. చాలా బండ్లలో ఏటీఎఫ్ కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది. అది లీకైతే కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి చేరి క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్‌ను పట్టి ఉంచే జిగురును వదిలించేస్తుంది. ఆ రేడియేటర్‌ను అలాగే ఉంచి కొత్త గేర్‌బాక్స్ బిగిస్తే అది కూడా అదే దారి పడుతుంది.

రాయి తగిలి కేసింగ్ పగిలితే

వికారాబాద్, అనంతగిరి వైపు రాళ్ల దారుల్లో కిందినుంచి దెబ్బ తగిలి ఆయిల్ పాన్ గానీ కేసింగ్ గానీ పగిలితే అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి. మామూలు కాంప్రిహెన్సివ్ ఇన్సూరెన్స్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ రాదు. బయటి దెబ్బవల్ల జరిగిన నష్టమైతే అడగవచ్చు. కానీ ఆయిల్ కారిపోతుండగా నడిపి లోపలి భాగాలు కాల్చేస్తే ఆ నష్టాన్ని కంపెనీలు ఒప్పుకోవు. ఫ్లాట్‌బెడ్ మీద తెప్పించండి, సర్వేయర్ వచ్చి చూసేదాకా ఏదీ విప్పనివ్వకండి. మౌంటింగ్ చెవి ఒక్కటే విరిగితే బాలానగర్ వైపు అల్యూమినియం ఆర్గాన్ వెల్డింగ్ చేయించి లేత్ మీద ముఖం సరిచేయించుకోవచ్చు. పగులు బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కు బిగించే ముందుభాగం) గుండా ఆయిల్ పంపు కూర్చునే చోటిదాకా వెళితే వెల్డింగ్ మాట వదిలేయండి. వేడికి ఆ ముఖం వంగుతుంది, పంపు సరిగ్గా కూర్చోదు.

ఎక్కడెక్కడ కుదరాలి

బెల్ హౌసింగ్‌తో మొదలుపెడదాం. టయోటా ఏ340, ఏ750 కుటుంబాల్లో బెల్ హౌసింగ్ విడిగా బోల్టులతో ఉంటుంది. కాబట్టి గేర్‌బాక్స్ వేరే ఇంజిన్ నుంచి వచ్చినా, మీ పాత బెల్ హౌసింగ్ తీసి దానికి వేసే అవకాశం కొంత ఉంది. ఫోర్డ్ 6ఆర్80లో బెల్ హౌసింగ్ కేసింగ్‌తో కలిపి ఒకే పోత. అమెరికా పికప్‌లలో, మస్టాంగ్‌లో ఇదే గేర్‌బాక్స్ లక్షల్లో ఉన్నా, ఆ పెట్రోలు ఇంజిన్ల గేర్‌బాక్స్ ఎండీవర్ 3.2 డీజిల్‌కు బిగియదు. "ఇంపోర్టెడ్ 6ఆర్80" అని ఎవరైనా చూపిస్తే బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలను మీ ఇంజిన్ బ్లాక్ వెనకవైపు రంధ్రాలతో పోల్చకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

టార్క్ కన్వర్టర్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఫ్లెక్స్ ప్లేట్‌కు (ఇంజిన్ క్రాంక్ వెనక ఉండే పలుచటి చక్రం) బిగించే బోల్టుల సంఖ్య, వాటి వృత్తం, మధ్యలో క్రాంక్‌లోకి దూరే పైలట్ వ్యాసం, మూడూ కలవాలి. పైలట్ అర మిల్లీమీటరు వదులుగా ఉన్నా కన్వర్టర్ ఊగుతుంది, కొద్ది రోజుల్లో ముందు సీలు కారుతుంది. స్టాల్ స్పీడ్ (బండిని ఆపి ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ చేరే ఆర్‌పీఎం) కూడా చూడాలి. పెట్రోలు ఇంజిన్ కన్వర్టర్ ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పట్టుకునేలా ఉంటుంది. దాన్ని తక్కువ ఆర్‌పీఎంలో బలమిచ్చే డీజిల్‌కు వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు జారుతూ వేడెక్కుతుంది.

వెనక భాగం దగ్గరే ఫోర్ బై ఫోర్ కొనుగోళ్లు ఎక్కువగా దెబ్బతింటాయి. టూ వీల్ డ్రైవ్ గేర్‌బాక్స్‌కు పొడవాటి టెయిల్ హౌసింగ్, దాని అవుట్‌పుట్ షాఫ్ట్ వేరు. ఫోర్ బై ఫోర్‌కు ట్రాన్స్‌ఫర్ కేసు బిగించే అడాప్టర్, వేరే షాఫ్ట్ ఉంటాయి. టయోటాలో కోడ్ చివరి అక్షరమే చెబుతుంది: ఏ750ఈ అంటే టూ వీల్, ఏ750ఎఫ్ అంటే ఫోర్ బై ఫోర్. "టెయిల్ మార్చేస్తే సరిపోతుంది" అనే మాట నమ్మవద్దు. షాఫ్ట్ మార్చాలంటే గేర్‌బాక్స్ మొత్తం విప్పాలి. విప్పాల్సిందే అయితే మీ పాతదాన్నే విప్పి బాగు చేయించవచ్చు కదా? షాఫ్ట్ మీది స్ప్లైన్ పళ్లు లెక్కపెట్టండి, షాఫ్ట్ బయటికి ఎంత పొడుచుకొచ్చిందో కొలవండి, ట్రాన్స్‌ఫర్ కేసు బోల్టుల వృత్తాన్ని మీ అడాప్టర్ గాస్కెట్ పెట్టి చూడండి.

ఎలక్ట్రానిక్స్ విషయంలో సాకెట్ ఆకారం కలిస్తే చాలనుకోవద్దు. 6ఆర్80లో సోలినాయిడ్ బాడీకి (కరెంటుతో ఆయిల్ ప్రెషర్‌ను నడిపే భాగం) సొంత గుర్తింపు నంబర్లుంటాయి. వాటిని స్కానర్‌తో కంప్యూటర్‌లో ఎక్కించకపోతే గేర్లు దెబ్బలా పడతాయి. టయోటా కొత్త గేర్‌బాక్సులు కొన్నింటికి కేసింగ్ మీద క్యూఆర్ లేబుల్, అంకెల కోడ్ ఉంటాయి. అది కూడా ఎక్కించాల్సిందే, కాబట్టి లేబుల్ చెరిగిపోయిన గేర్‌బాక్స్ విలువ తక్కువ. జెడ్‌ఎఫ్ 6హెచ్‌పీ, 8హెచ్‌పీ గేర్‌బాక్సుల్లో కంప్యూటర్ లోపల మెకట్రానిక్ (వాల్వ్ బాడీ, ఎలక్ట్రానిక్స్ కలిసిన యూనిట్) మీదే ఉంటుంది, అంటే వేరే బండి కంప్యూటర్ కూడా గేర్‌బాక్స్‌తో పాటే మీ ఇంటికి వస్తుంది. దాన్ని మీ బండికి ప్రోగ్రామ్ చేయగలిగే మనిషి దొరికాకే డిస్కవరీ, రాంగ్లర్ లాంటి వాటికి సెకండ్ హ్యాండ్ మాట ఎత్తండి. లేదంటే మీ పాత మెకట్రానిక్‌ను దానికి మార్పించాలి.

ఇక గేర్ నిష్పత్తులు. ఏ340లో మొదటి గేర్ 2.804, ఏ750లో 3.52, 6ఆర్80లో 4.17. రాళ్లమీద బండి ఎంత నింపాదిగా పాకుతుందో చెప్పేది మొదటి గేర్, ట్రాన్స్‌ఫర్ కేసు లో రేంజ్, డిఫరెన్షియల్ మూడింటి నిష్పత్తుల గుణకారం. రాంగ్లర్ రూబికాన్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో 4.71, 4.0, 4.10 గుణిస్తే 77 దాటుతుంది. గేర్‌బాక్స్ మారి మొదటి గేర్ తగ్గితే ఈ అంకె కూడా అదే మేరకు తగ్గుతుంది. టైర్లు పెంచినవారు ఇంకొకటి గమనించాలి. 265/65 ఆర్17 తీసి 285/70 ఆర్17 వేస్తే వ్యాసం సుమారు 7 శాతం పెరుగుతుంది. చక్రం బరువుగా తిరిగి కన్వర్టర్ ఎక్కువ జారుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. అసలు గేర్‌బాక్స్ పోవడానికి అదే కారణమైతే కొత్తదానికీ అదే గతి.

మన దగ్గర ఎక్కువ కనిపించే బండ్లు

పాత ఫార్చ్యూనర్ 3.0లో జాగ్రత్త. 2012లో వచ్చిన టూ వీల్ ఆటోమేటిక్‌కు నాలుగు గేర్లు, 2015లో వచ్చిన ఫోర్ బై ఫోర్ ఆటోమేటిక్‌కు ఐదు గేర్లు. బజార్లో రెండూ "ఫార్చ్యూనర్ ఆటో బాక్స్" పేరుతోనే ఉంటాయి. 2016 చివర్లో వచ్చిన 2.8కి ఆరు గేర్లు. అందులోనూ 2021లో టార్క్ 450 నుంచి 500 ఎన్‌ఎంకు పెరిగింది. ఆరు గేర్లేగా అని 2021కి ముందు బండి గేర్‌బాక్స్‌ను 2021 బండికి వేసేముందు కన్వర్టర్ పార్ట్ నంబరుతో సహా ఛాసిస్ నంబరు మీద సరిచూపించండి.

ఎండీవర్ 2016 నుంచి 2.2కీ 3.2కీ 6ఆర్80, 2020లో వచ్చిన 2.0కి పది గేర్ల 10ఆర్80. 2.2 టార్క్ 385, 3.2 టార్క్ 470. గేర్‌బాక్స్ పేరు ఒకటైనంత మాత్రాన కన్వర్టర్, కంప్యూటర్ లెక్కలు ఒకటి కావు. ఆరు గేర్ల బండికి పది గేర్లది వేసే ఆలోచన పూర్తిగా మానుకోండి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి ఈ బండికి ఓవర్‌హాలే అన్నిటికన్నా గట్టి దారి. 6ఆర్80 లోపలి క్లచ్ ప్లేట్లు, సీళ్లు, లెడ్‌ఫ్రేమ్ (లోపలి సెన్సర్ల సర్క్యూట్) లాంటివి ప్రపంచమంతా అమ్ముడవుతాయి, బయటి కేసింగ్ ఒక్కటే దొరకదు.

థార్ 2020 నుంచి ఐసిన్ ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో వస్తోంది. స్కార్పియో-ఎన్‌లో కూడా ఐసిన్ ఆరు గేర్లే. అందుకే స్కార్పియో-ఎన్ గేర్‌బాక్స్ థార్‌కు వస్తుందా అని చాలామంది అడుగుతారు. థార్ డీజిల్‌కు 300 ఎన్‌ఎం, స్కార్పియో-ఎన్ డీజిల్ ఆటోమేటిక్‌కు 400. బెల్ హౌసింగ్, కన్వర్టర్, కాలిబ్రేషన్ అన్నీ పార్ట్ నంబరు స్థాయిలో కలిస్తేనే తీసుకోండి. థార్‌లో కూడా డీజిల్‌ది పెట్రోలుకు, పెట్రోలుది డీజిల్‌కు అడగవద్దు. ఈ బండి కొత్తది కాబట్టి వారంటీ మిగిలి ఉందేమో ముందు చూసుకోవాలి.

ఓవర్‌హాల్ చేయించేవారు అడగాల్సినవి

సీల్ కిట్ మాత్రమే వేసి "ఓవర్‌హాల్" అని బిల్లు రాసే చోట్లు ఉన్నాయి. పని ఒప్పుకునేముందే ఈ ప్రశ్నలు అడగండి. క్లచ్ ప్లేట్లతోపాటు స్టీల్ ప్లేట్లు కూడా మారుస్తారా? కొత్త ప్లేట్లను బిగించేముందు కనీసం అరగంట ఏటీఎఫ్‌లో నానబెడతారా? ప్రతి క్లచ్ ప్యాక్ గ్యాప్ కొలిచి రాసి ఇస్తారా? గేర్‌బాక్స్ బండికెక్కించే ముందు గాలి పెట్టి క్లచ్‌లు పట్టుకుంటున్నాయో చూస్తారా? వాల్వ్ బాడీలో వాల్వులు తిరిగే రంధ్రాలు అరిగాయో లేదో ఎలా పరీక్షిస్తారు? టార్క్ కన్వర్టర్‌ను కోసి లోపల శుభ్రం చేసి వెల్డ్ చేసి బ్యాలెన్స్ చేయిస్తారా, లేక అలాగే తిరిగి వేస్తారా? ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. కాలిన ప్లేట్ల పొడి అంతా కన్వర్టర్ లోపలే చేరి ఉంటుంది, దాన్ని పైనుంచి కడిగితే పోదు. ఈ ప్రశ్నలకు తడబడే చోట పని పెట్టకండి. విప్పాక ఎదురుగా నిలబడి చూడండి, పాత ప్లేట్లు మీకే ఇవ్వమనండి.

కొత్త అసెంబ్లీ కంపెనీ నుంచి తెప్పిస్తే కుదరడం గురించి చింత లేదు, వారంటీ ఉంటుంది. ధర మాత్రం బండి ఐడీవీతో (ఇన్సూరెన్స్‌లో చూపిన బండి విలువ) పోల్చి చూసుకోవాలి. పదేళ్లు దాటిన బండికి ఇది చాలాసార్లు అర్థం లేని ఖర్చవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. పాత కొటేషన్ 28 శాతంతో ఉంటే మళ్లీ అడగండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

ఇంకా బండికే ఉండి, ఇంజిన్ స్టార్ట్ అయ్యే స్థితిలో ఉన్న గేర్‌బాక్స్ దొరికితే అదృష్టం. అక్కడే డీ, రివర్స్ పరీక్ష చేయండి, స్కానర్ పెట్టండి, కిలోమీటర్లు ఫొటో తీసుకోండి. దించేసి ఉంటే పాన్ విప్పి చూపించమనాలి. ఒప్పుకోకపోతే వేరే దుకాణం చూసుకోండి. కన్వర్టర్ మెడ మీద గీతలు, నీలిరంగు వేడి మచ్చలు ఉండకూడదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ షాఫ్టులను చేత్తో అటూ ఇటూ ఆడిస్తే గలగల శబ్దం రాకూడదు.

వరదలో మునిగిన బండి గేర్‌బాక్స్‌కు అన్నిటికన్నా ఎక్కువ భయపడాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలు, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు, ప్రతిసారీ మునిగిన బండ్లు ఇన్సూరెన్స్ టోటల్ లాస్ అయి విడిభాగాలుగా బజారుకు వస్తాయి. యాక్సిడెంట్ దెబ్బ ఒక్కటీ లేని, బాడీ బాగున్న బండి నుంచి తీసిన గేర్‌బాక్స్ చవకగా వస్తుంటే ముందు ఇదే అనుమానించాలి. బ్రీతర్ గొట్టం (గేర్‌బాక్స్‌కు గాలి ఆడే గొట్టం) లోపల ఎండిన బురద, వైరింగ్ సాకెట్ పిన్నుల మీద పచ్చటి తుప్పు, పాన్ లోపలి గోడ మీద తుప్పు గీత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వదిలేయండి. నీళ్లు తగిలిన క్లచ్ ప్లేట్ల లైనింగ్ కొన్ని వారాలు బాగానే పట్టుకుని ఆ తర్వాత ఊడిపోతుంది.

కాగితాలు తప్పనిసరి. బిల్లుతోపాటు ఆ బండి ఛాసిస్ నంబరు, టోటల్ లాస్ వేలం కాగితమో, 2021 నిబంధనల కింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్టో అడగండి. దొంగ బండి నుంచి తీసిన భాగమని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద కేసు అవుతుంది. విదేశీ వాడిన గేర్‌బాక్సుల దిగుమతికి ఆంక్షలున్నాయి కాబట్టి "దుబాయ్ మాలు" అన్నవారిని దిగుమతి కాగితం చూపమనాలి. బయటి ఊరి నుంచి తెప్పిస్తే కన్వర్టర్ జారిపోకుండా బెల్ హౌసింగ్‌కు పట్టీ వేసి, పైపు రంధ్రాలు మూసి, చెక్క పెట్టెలో పంపమని రాతపూర్వకంగా చెప్పండి. వారంటీ "టెస్టింగ్ వారంటీ" అయితే ఎన్ని రోజులు, డబ్బు తిరిగి ఇస్తారా మరో గేర్‌బాక్స్ ఇస్తారా, దించి ఎక్కించే కూలీ ఎవరిది, మూడూ బిల్లు మీదే రాయించుకోవాలి.

బిగించేటప్పుడు

మంచి గేర్‌బాక్స్‌ను మొదటి రోజే చంపేది కన్వర్టర్ సరిగ్గా కూర్చోకపోవడం. దాన్ని తిప్పుతూ లోపలికి నెడితే మెట్లు మెట్లుగా టక్కుమని దిగాలి, ఆఖరి మెట్టులో పంపులో పడుతుంది. బెల్ హౌసింగ్ ఇంజిన్‌కు చేత్తో నెడితేనే ఖాళీ లేకుండా ఆనాలి. అప్పటికి కన్వర్టర్ చేత్తో తిరగాలి, దానికీ ఫ్లెక్స్ ప్లేట్‌కూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు ఉండాలి. బోల్టులతో లాగి సందు మూయాల్సి వస్తోందంటే ఆపేయాలి. ఇంకొంచెం బిగిస్తే పంపు గేరు పగులుతుంది. ఇంజిన్ బ్లాక్ మీది రెండు డోవెల్ పిన్నులు ఉన్నాయో లేవో కూడా చూడండి. పాత గేర్‌బాక్స్‌తో పాటు అవి ఊడిపోతుంటాయి, అవి లేకుండా బిగిస్తే గేర్‌బాక్స్ ఇంజిన్‌తో ఒకే వరుసలో ఉండక ముందు బుష్ అరిగిపోతుంది.

కూలర్ పైపులు కడిగించాలి. పాత గేర్‌బాక్స్‌లో లోహపు ముక్కలు కనిపించి ఉంటే కూలర్‌ను మార్చేయడమే మేలు, సన్నటి గదుల్లో ఇరుక్కున్నవి కడిగితే రావు. బిగించాక తిరుగు పైపును డబ్బాలో పెట్టి ఇంజిన్ స్లోలో నడిపితే అర నిమిషంలో సుమారు లీటరు రావాలి. థర్మోస్టాట్ ఉన్న బండిలో ఆయిల్ వేడెక్కాకే ఈ లెక్క చూడాలి.

ఆయిల్ పాతదానితో కలపవద్దు, "యూనివర్సల్" డబ్బా వద్దు. ఏ750కి, ఏసీ60కి (ఫార్చ్యూనర్ 2.8లోని ఆరు గేర్లది) టయోటా డబ్ల్యూఎస్, 6ఆర్80కి మెర్కాన్ ఎల్‌వీ, 10ఆర్80కి మెర్కాన్ యూఎల్‌వీ, జెడ్‌ఎఫ్‌కు లైఫ్‌గార్డ్ 6 లేదా 8. డ్రెయిన్ బోల్టు తీస్తే వచ్చేది మొత్తంలో మూడో వంతు మాత్రమే. ఖాళీ గేర్‌బాక్స్‌కు కన్వర్టర్‌తో కలిపి పది లీటర్లకు అటూ ఇటూ పడుతుంది, 12 లీటర్లు తెచ్చిపెట్టుకోండి. లెవెల్ చూడాల్సింది ఇంజిన్ నడుస్తుండగా, కంపెనీ చెప్పిన ఆయిల్ వేడి దగ్గర. జెడ్‌ఎఫ్ 6హెచ్‌పీకి అది 30 నుంచి 50 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో షెడ్డు కిందే 40 డిగ్రీలు దాటుతుంది. మీరు ప్లగ్గు తీసేసరికే ఆయిల్ హద్దు దాటి, ఉబ్బిన ఆయిల్ కారిపోయి, లెవెల్ తక్కువగా మిగులుతుంది. ఆ పని తెల్లవారుజామున, స్కానర్‌లో ఆయిల్ టెంపరేచర్ చూస్తూ చేయించండి.

పాత అడాప్టేషన్ లెక్కలు (పాత గేర్‌బాక్స్‌కు తగ్గట్టు కంప్యూటర్ నేర్చుకున్నవి) చెరిపి, కొత్త కోడ్లు ఎక్కించి, మొదట ఖాళీ రోడ్డు మీద అన్ని గేర్లూ పడేలా నిదానంగా నడపాలి. లో రేంజ్, రివర్స్, వెనుకకు ఎత్తు ఎక్కడం కూడా ఒకసారి చూడండి. వెయ్యి కిలోమీటర్ల దగ్గర పాన్ విప్పి అయస్కాంతం చూసి, ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. అప్పటిదాకా ట్రైలర్ లాగడం, ఇసుకలో దిగడం వద్దు.